ఎఫ్3 డేటా, ఓపెన్‌డీటెక్ట్: ఫ్రీగా దొరికే ఓ పాతకాలపు డెల్టా మీద నా రివ్యూ

సైస్మిక్ డేటా (భూమిలోకి పంపిన ధ్వని పొరలకి తగిలి తిరిగొస్తే దాంతో తయారయ్యే లోపలి చిత్రం) ముట్టుకోవాలంటే ఆయిల్ కంపెనీలో ఉద్యోగం రావాలి, లేదంటే ప్రొఫెసర్‌కి పెద్ద పరిచయాలుండాలి అనుకునే జియాలజీ స్టూడెంట్లు చాలామంది ఉన్నారు. ఈ రివ్యూ వాళ్ల కోసం. నార్త్ సీలో నెదర్లాండ్స్ వాటాలో ఎఫ్3 అని ఒక బ్లాక్ ఉంది. అక్కడ 1987లో తీసిన 3డీ సర్వేని టెర్రానూబిస్ సైట్ నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దాన్ని తెరిచి చూసే ఓపెన్‌డీటెక్ట్ సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే. సముద్రం కింద పొరలు ఎప్పుడు, ఎలాంటి చోట పేరుకున్నాయో మ్యాప్ వేయడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి మొదటి మెట్టు నాకు కనపడలేదు.

డేటా సుమారు 16 కిలోమీటర్ల వెడల్పు, 24 కిలోమీటర్ల పొడవు. ఒక దిక్కున సాగే నిలువు కోతలు (ఇన్‌లైన్లు) 650, వాటికి అడ్డంగా సాగేవి (క్రాస్‌లైన్లు) 950, లైన్ల మధ్య దూరం 25 మీటర్లు. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా పని నడుస్తుంది. అప్పట్లో సర్వే చేసినవాళ్లు వెతికింది చాలా లోతున ఉన్న జురాసిక్, క్రెటేషియస్ పొరల్లో చమురు, గ్యాస్. మనకి పండగ మాత్రం పైనున్న 1200 మిల్లీసెకన్లలోనే (ఇక్కడ లోతుని ధ్వని కిందికి వెళ్లి తిరిగొచ్చే సమయంతో కొలుస్తారు). మయోసీన్, ప్లయోసీన్, ప్లీస్టోసీన్ కాలాల పొరలన్నీ అందులో ఉన్నాయి. బాల్టిక్ ప్రాంతం నుంచి, స్కాండినేవియా నుంచి మట్టిని మోసుకొచ్చిన ఎరిడనోస్ అనే మహానది ఒకటుండేది. ఇప్పుడది లేదు, మంచుయుగాలు దాన్ని చెరిపేశాయి. అది కట్టిన డెల్టా మాత్రం సముద్రం కింద అలాగే ఉంది.

ఏదో ఒక ఇన్‌లైన్ తెరవండి. పెద్ద పెద్ద ఎస్ ఆకారంలో వాలుగా జారే రిఫ్లెక్టర్లు (ధ్వనిని వెనక్కి పంపిన పొరల గీతలు) వరుసగా కనిపిస్తాయి, వాటినే క్లైనోఫార్మ్‌లు అంటారు. ఒక్కో వాలూ ఒకప్పటి సముద్రపు నేల. పైన బల్లపరుపుగా ఉన్న భాగం తీరానికి దగ్గరి లోతులేని సముద్రం, మధ్యలో వాలు, కింద చదునుగా పరుచుకున్నది వాలు అడుగున బంకమన్ను నెమ్మదిగా దిగిన లోతైన చోటు. ఒక వాలు మీద ఇంకో వాలు చేరుతూ డెల్టా సముద్రంలోకి నడిచిన దారి మొత్తం కళ్ల ముందే ఉంటుంది. పై అంచు ఒకచోట ముందుకి మాత్రమే జరిగిందా, ముందుకి జరుగుతూనే పైకి కూడా లేచిందా అన్నది గమనించండి. సముద్రమట్టం, నది తెచ్చే మట్టి, నేల కుంగడం, ఈ మూడింటిలో ఏది పైచేయి అయిందో చెప్పే మొదటి ఆధారం అదే. పుస్తకంలో ఆన్‌ల్యాప్, డౌన్‌ల్యాప్, టాప్‌ల్యాప్ అని (ఒక పొర చివర ఇంకో పొరని ఎలా తాకి ఆగుతుందో చెప్పే పేర్లు) బట్టీ పట్టిన మాటలన్నీ ఇక్కడ నిజంగా కనిపిస్తుంటే కలిగే సంతోషం వేరు.

ఇక అసలు కష్టం. చాలామంది తెరవగానే టైమ్ స్లైస్ (ఒకే సమయం దగ్గర డేటాని అడ్డంగా కోసిన కోత) వేసి, అందులో కనిపించే సమాంతర చారల్ని తీరపు ఇసుక దిబ్బలని రాసేస్తారు. వాలుగా ఉన్న పొరల్ని అడ్డంగా కోస్తే వచ్చేది చారలే. పక్కపక్కనే ఉన్న రెండు చారల మధ్య లక్షల ఏళ్ల తేడా కూడా ఉండొచ్చు, కాబట్టి అది ఏ ఒక్క కాలానికీ మ్యాప్ కాదు. నిక్షేప వాతావరణం (పొర ఎలాంటి చోట పేరుకుందన్నది) మ్యాప్ వేయాలంటే ముందు ఒకే కాలపు ఉపరితలాన్ని హొరైజన్‌గా ట్రాక్ చేయాలి, దాని మీద సిమిలారిటీ, ఎనర్జీ, స్పెక్ట్రల్ డీకంపొజిషన్ లాంటి అట్రిబ్యూట్లు (సిగ్నల్ నుంచి లెక్కకట్టే లక్షణాలు) వేసి చూడాలి. ఇవన్నీ ఫ్రీ వెర్షన్‌లోనే ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ప్లీస్టోసీన్ మొదటి భాగం. అక్కడి హొరైజన్ల మీద గీతలు గీతలుగా గాడులు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు నది చానెళ్లు అనుకోవడం సహజం. కానీ అవి తేలుతూ వచ్చిన మంచుకొండల అడుగుభాగం సముద్రపు నేలని దున్నుకుంటూ పోయిన గుర్తులు. చానెల్ అయితే ఎక్కడో మొదలై వాలు వైపు సాగుతుంది, వంపులు తిరుగుతుంది, పాయలు కలుస్తాయి. ఈ గాడులు ఒకదాన్నొకటి ఇష్టం వచ్చినట్టు దాటుకుంటూ పోతాయి, వాలుని లెక్కచేయవు. ఈ తేడా పట్టుకున్నారంటే మీ మ్యాప్‌లో నదీముఖం అని రాయబోయిన చోట మంచుకొండలు తిరిగిన చల్లని సముద్రం అని రాస్తారు. మొత్తం కథే మారిపోతుంది కదా!

బావుల దగ్గర మాత్రం కాస్త నిరాశ తప్పదు. ఇంత ప్రాంతానికి ఉన్నవి నాలుగే: ఎఫ్02-1, ఎఫ్03-2, ఎఫ్03-4, ఎఫ్06-1. గామా రే (రాతి సహజ రేడియోధార్మికత), సోనిక్ (ధ్వని వేగం) లాగ్‌లు, అంటే బావి పొడవునా కొలిచిన రికార్డులు, నాలుగింటికీ ఉన్నాయి. డెన్సిటీ లాగ్ అసలుది రెండింటికే ఉంది, మిగతా రెండింటివి న్యూరల్ నెట్‌వర్క్‌తో అంచనా వేసి పెట్టినవి. పోరాసిటీ (రాతిలో ఖాళీల పాలు) కూడా ఆ డెన్సిటీ నుంచి లెక్కకట్టిందే. ఈ విషయం తెలియకుండా ఆ లాగ్‌ల మీద థీసిస్ కట్టకండి. గామా రే పైకి వెళ్తున్నకొద్దీ తగ్గుతూ వస్తే ఇసుక పాలు పెరుగుతోందని, డెల్టా ముందుకి జరుగుతోందని చదువుతాం. అయితే అదే ఆకారం వేరే చోట్ల కూడా వస్తుంది, కాబట్టి సైస్మిక్‌లో ఆ బావి క్లైనోఫార్మ్ పై అంచు దగ్గరుందా, అడుగునుందా చూసుకున్నాకే పేరు పెట్టాలి. ఇంకో హద్దు కూడా ఉంది. ధ్వని వేగం సెకనుకి 2000 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 40 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 10 మీటర్ల కంటే పలచటి పొర పైభాగం, అడుగుభాగం విడివిడిగా కనపడవు.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, మొదట్లో మెనూలు తికమకగా ఉంటాయి, కొన్నాళ్లకి చెయ్యి అలవాటు పడుతుంది. పెద్ద లోటు ఏంటంటే ఈ పనికి అత్యంత పనికొచ్చే హొరైజన్‌క్యూబ్ (ఒకేసారి చాలా హొరైజన్లు ట్రాక్ చేసేది), వీలర్ డయాగ్రామ్ (పొరల్ని లోతు బదులు కాలం ప్రకారం పరిచి చూపే చిత్రం) వేసే టూల్స్ డబ్బు కట్టాల్సిన ప్లగిన్‌లలో ఉన్నాయి. యూనివర్సిటీలకి వాటి లైసెన్స్ ఉచితంగా ఇస్తారు కాబట్టి మీ డిపార్ట్‌మెంట్ చేత తప్పకుండా అడిగించండి. లేకపోతే మంచి హొరైజన్ ఒకటి ట్రాక్ చేసి, దాన్ని కొద్దికొద్దిగా కిందికి జరుపుతూ అట్రిబ్యూట్లు చూడొచ్చు. పొర మందం పెద్దగా మారని చోట అది చాలు, క్లైనోఫార్మ్‌ల వాలు మీద మాత్రం పనికిరాదు.

మెషిన్ లెర్నింగ్ వాళ్లకి ఒక మాట. జార్జియా టెక్ వాళ్లు 2019లో ఈ బ్లాక్ మీదే ఫేసీస్ (శిల రకం) లేబుళ్లతో ఒక బెంచ్‌మార్క్ (మోడళ్లని పోల్చి చూసే ప్రామాణిక డేటా) విడుదల చేశారు, చాలా ఉపయోగకరమైన పని. కానీ ఆ ఆరు తరగతులూ అప్పర్ నార్త్ సీ, చాక్, జెక్‌స్టైన్ లాంటి శిలాసమూహాలు. డెల్టా ముఖమా, షెల్ఫా (తీరం దగ్గరి లోతులేని సముద్రమా), వాలా అన్నది వాటిలో లేదు. ఆ లేబుళ్లని మోడల్ ఎంత బాగా పట్టుకున్నా చేతికొచ్చేది నిక్షేప వాతావరణం మ్యాప్ కాదు. ఆ మ్యాప్ కోసం రిఫ్లెక్టర్ల ఆకారం మనమే కూర్చుని చదవాలి.

బురద, ఇసుక, డెల్టా, సముద్రమట్టం, ఇవి నేర్చుకోవడానికి ఎఫ్3ని నేను కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను. నదీ వ్యవస్థ మొత్తం చూడాలనుకుంటే ఈ బ్లాక్ చాలదు, ఇది బేసిన్‌లో (పొరలు పేరుకున్న పెద్ద పల్లంలో) ఒక మూల మాత్రమే. లోతు సముద్రపు చానెళ్ల మీద ఆసక్తి ఉంటే న్యూజిలాండ్ తరనాకి బేసిన్‌లోని పరిహాకా 3డీ కూడా ఫ్రీగానే దొరుకుతుంది, దీని తర్వాత అది తీసుకోండి.