ఒంటరి ప్రయాణమా, రెడ్ బుల్ నిచ్చెనా?

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మేనేజర్ కావాలనుకునే అమెరికన్ కోచ్‌లకు నా సలహా జెస్సీ మార్ష్ దారి.

అమెరికన్ కోచ్ బాబ్ బ్రాడ్లీ ఎవరి అండా లేకుండా యూరప్ వెళ్లాడు. నార్వేలో స్టాబెక్, ఫ్రాన్స్‌లో రెండో డివిజన్ క్లబ్, తర్వాత 2016లో స్వాన్సీ. ఇంగ్లండ్ టాప్ డివిజన్ ప్రీమియర్ లీగ్‌లో తొలి అమెరికన్ మేనేజర్ అతనే. 11 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, 85 రోజులకే ఉద్వాసన. కొత్త ఆటగాళ్లను కొనుక్కునే జనవరి దాకా కూడా ఆగలేదు. ఇది అన్యాయమే.

మార్ష్ ఎనర్జీ డ్రింక్ కంపెనీ రెడ్ బుల్‌కి వేర్వేరు దేశాల్లో ఉన్న క్లబ్బుల్లోనే మెట్టుమెట్టుగా ఎక్కాడు. న్యూయార్క్ నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కి అసిస్టెంట్‌గా వచ్చి, ఆ తర్వాత ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ హెడ్ కోచ్ అయ్యాడు. అక్కడ రెండు సీజన్లలోనూ లీగ్, కప్ రెండూ గెలిచాడు. 2019లో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 0-3తో వెనకబడిన అతని జట్టు లివర్‌పూల్‌తో 3-3 దాకా వచ్చింది. చివరికి 4-3తో ఓడినా అతని పేరు మారుమోగింది. తర్వాత లైప్‌జిగ్ హెడ్ కోచ్‌గా ఆర్నెల్లు కూడా నిలవలేదు. అయినా 2022లో ప్రీమియర్ లీగ్ క్లబ్ లీడ్స్ పిలిచిందంటే సాల్జ్‌బర్గ్ ట్రోఫీల బలమే.