స్విఫ్టా నియోసా, హైవే మీద చెవులకి ఏది హాయి?

హైదరాబాద్ నుంచి విజయవాడ నెలకోసారైనా వెళ్లొచ్చేవాళ్లకి మైలేజీ కన్నా ముందు అడగాల్సింది లోపల మోత ఎంత అని. 2024లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌లో మూడు సిలిండర్ల ఇంజన్, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్‌లో నాలుగు, రెండూ 1.2 లీటర్లే, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కూడా రెంటికీ 2450 ఎంఎమ్మే. తేడా టోల్ గేట్ క్యూలోనే తెలిసిపోతుంది, మూడు సిలిండర్ల ఇంజన్‌కి ఆ సన్నటి వణుకు సహజం, నియోస్ ఆన్‌లో ఉందా లేదా అని మీటర్ చూసుకోవాల్సొస్తుంది.

అదే 100 దాటాక మాత్రం ఇంజన్ సంగతి పక్కకి పోయి టైర్ మోత, గాలి మోత పైకొస్తాయి, సిమెంట్ రోడ్డెక్కితే ఇంకా చెప్పక్కర్లేదు, ఈ రేటు కార్లలో ఏదైనా పాట సౌండ్ రెండు పాయింట్లు పెంచాల్సిందే. పైగా అందులో సగం గోల మనదే, డోర్ పాకెట్లో స్టీల్ బాటిల్ మోగుతూనే ఉంటుంది. విజిల్ లాంటి శబ్దం వస్తుంటే డోర్‌లో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేసిందంటే అక్కడ బీడింగ్, అంటే డోర్ చుట్టూ ఉండే రబ్బరు, పోయినట్టే, మా బావ పాత కారుకి అలాగే పట్టుకున్నాం.

వెనక అమ్మానాన్న కూర్చుంటారంటే నా ఓటు మెత్తగా పోయే నియోస్‌కే. ఒక్కరే లాగించేస్తారా, అయితే స్విఫ్ట్, కంపెనీ లెక్కలో మాన్యువల్‌కి 24.8 మైలేజీ కూడాను.