సొంత సర్వరా, క్లౌడా, రెండూ కలిపా: మన సరిహద్దు జిల్లాల పెద్ద సంస్థలకు ఏది మేలు?

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి వైపు పెద్ద ఫ్యాక్టరీల్లోనూ, బోలెడు బ్రాంచీలున్న సంస్థల్లోనూ కంప్యూటర్ విభాగం చూసే మనవాళ్లకి ఇప్పుడు ఒకటే టెన్షన్. సంస్థ డేటానీ సాఫ్ట్‌వేర్‌నీ నడిపే పెద్ద కంప్యూటర్ల, అంటే పాత సర్వర్ల వారంటీ అయిపోవస్తోంది, కొత్తవి కొనాలా, మొత్తం క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే వేరే కంపెనీ కంప్యూటర్లకి, ఎత్తెయ్యాలా? ఎక్కడో మహానగరంలో ఉన్న హెడ్డాఫీసు మాత్రం అంతా క్లౌడే అని ఒక్క మీటింగులో తేల్చేస్తుంది. తేల్చేముందు వాళ్లని ఇక్కడ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాసేపు నిలబడి చూడమంటాను.

గేటు పక్కనే కాటా ఉంటుంది. పార్వతీపురం వైపు నుంచి సరుగుడు లోడుతో వచ్చిన లారీ కాటా ఎక్కుతుంది, బరువు కంప్యూటర్‌లో పడుతుంది, స్లిప్పు చేతికొస్తేనే లోపలికి వదులుతారు. ఆ బరువు రాసుకునే సాఫ్ట్‌వేర్ ముంబయిలో ఉండి, రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ ఫైబర్ కేబుల్‌ని తెంపేసిందనుకోండి, గంట తిరక్కుండా లారీలు రోడ్డు మీదికి బారులు తీరతాయి, డ్రైవర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఇంకెంతసేపని అడుగుతూనే ఉంటారు. కాటా, యంత్రాల కంట్రోలు, ఆస్పత్రైతే ల్యాబ్ మిషన్లకు కట్టిన కంప్యూటర్లు ఇక్కడే ఉండాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అలాగని అన్నీ సొంత గదిలోనే పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాల మీదికి ఎలా విరుచుకుపడిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. సర్వరూ దాని బ్యాకప్పూ ఒకే కాంపౌండ్‌లో ఉంటే, నీళ్లొచ్చినా నిప్పంటుకున్నా రెండూ కలిసే పోతాయి. అందుకే క్లౌడ్‌కి ముందు వెళ్లాల్సింది బ్యాకప్. క్లౌడ్ అద్దెకిచ్చే అమెజాన్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లున్నాయి, ముంబయిలో 2016 నుంచే ఉన్నాయి, అంటే ఒక కాపీ ముంబయిలో, ఒకటి హైదరాబాద్‌లో పెట్టుకున్నా డేటా దేశం దాటదు. ఒక లెక్క మాత్రం ముందే వేసుకోండి: 10 టీబీ (పది వేల జీబీ) డేటాని 100 ఎంబీపీఎస్ వేగమున్న ఇంటర్నెట్ లైన్ మీద పంపాలంటే, లైన్ ఒక్క క్షణం ఆగకపోయినా 9 రోజులు దాటుతుంది. మొదటి కాపీకే అంత పడితే, రేపు ఆపద వచ్చినప్పుడు వెనక్కి తెచ్చుకోవడానికీ అంతే పడుతుంది. కాబట్టి నిన్నమొన్నటి డేటా కాపీ ఒకటి దగ్గర్లోనే, వేరే బిల్డింగ్‌లో ఉంచండి.

ఇక డబ్బు సంగతి. సొంత సర్వర్ అంటే అయిదేళ్ల తర్వాత పెరగబోయే పనిని కూడా ఊహించి ఈరోజే కొనాలి, దానికి ఏసీ, యూపీఎస్ బ్యాటరీలు, జనరేటర్ డీజిల్, రాత్రి డ్యూటీ మనిషి. క్లౌడ్‌లో వాడినంతకే బిల్లు, నిజమే. కానీ ఇక్కడ రాత్రింబగళ్లు నడిచే పాత సాఫ్ట్‌వేర్‌ని ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు ఎత్తి అక్కడ పెడితే, బిల్లు కూడా రాత్రింబగళ్లూ నడుస్తుంది. నన్నడిగితే ఉన్న దారులన్నిటికన్నా చెడ్డది ఇదే. డేటా లోపలికి పంపడానికి సాధారణంగా డబ్బుండదు, బయటికి తీసుకుంటే జీబీకింత అని కట్టాలి, కొటేషన్‌లో చాలామంది చూడని వరుస అది.

పెద్దవాళ్ల అనుభవం కూడా ఒకే వైపు లేదు. నెట్‌ఫ్లిక్స్ 2008లో డేటాబేస్ దెబ్బతిన్నాక క్లౌడ్‌కి బయలుదేరి, సాఫ్ట్‌వేర్‌ని దాదాపు మళ్లీ రాసుకుంటూ 2016 జనవరికి గానీ ముగించలేదు. జనం ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ ఆ ఫైళ్లలో ఎక్కువ భాగాన్ని అమెజాన్ నుంచి సొంత డేటా సెంటర్లకు తెచ్చుకుని, రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు మిగిలాయని 2018లో లెక్క చూపింది. నెట్‌ఫ్లిక్స్ పని గంటగంటకీ పెరిగి తగ్గేది, దానికి వాడినంతకే కట్టే క్లౌడ్ కుదిరింది; డ్రాప్‌బాక్స్‌ది ఎప్పుడూ నిండుగా ఉండేది, దానికి సొంతదే చవకైంది.

అందుకే పెద్ద సంస్థ అయితే రెండూ కలిపి నడపడమే మేలని గట్టిగా చెబుతాను. ముందు బ్యాకప్, తర్వాత మెయిల్, జీతాలు, నెలాఖరు రిపోర్టులు, అవి ఒక ఏడాది కుదురుకున్నాక ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. ఈఆర్‌పీకి కూడా వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు రెండు పెట్టుకుని, వాటి కేబుళ్లు ఒకే గోతిలోంచి రాకుండా చూసుకున్నాకే. క్లౌడ్ కంపెనీతో సంతకం పెట్టేటప్పుడు, రేపు మానుకుంటే డేటా ఏ రూపంలో, ఎన్నాళ్లలో, ఎంతకి తిరిగిస్తారో రాయించుకోండి. బాధ్యత కూడా వాళ్లదే అనుకోవద్దు: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం జనం డేటాకి జవాబుదారీ మన సంస్థే, భద్రత సరిగా లేకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంటుంది.

మన సర్వర్ గదిలో పనిచేసే కుర్రాళ్లని మాత్రం వదులుకోకండి. కాటా దగ్గర కేబుల్ ఏ మూల నుంచి వస్తుందో వాళ్లకే తెలుసు. ఒప్పందంలోనే శిక్షణ ఖర్చు చేర్పించి, తరలింపు మొదలవకముందే వాళ్లకి క్లౌడ్ పని నేర్పించండి.