కంపోస్టు జల్లించే యంత్రం: ఊపేదా, తిప్పేదా?

మిద్దె తోట పెంచేవాళ్లకీ, పెరట్లో గుంత తవ్వి ఆకులూ పేడా మగ్గబెట్టేవాళ్లకీ కొన్ని నెలలకోసారి తప్పని పని జల్లించడం. ఎరువు తయారైపోతుంది, నల్లగా మట్టి వాసన వేస్తుంది, కానీ చెయ్యి పెడితే కొబ్బరి పీచు, మామిడి టెంకలు, పుల్లలు, ఎక్కడినుంచో వచ్చిన ప్లాస్టిక్ కవరు ముక్కలు. పెద్ద చెట్ల పాదుల్లోకైతే అలాగే వేసేయొచ్చు. నారు పోసే ట్రేలకీ చిన్న కుండీలకీ మాత్రం మెత్తగా ఉండాలి. అందుకే ఇంట్లోనే ఒక యంత్రం చేసుకుందామనుకుంటారు, అనుకోగానే అడిగే మొదటి మాట ‘మోటారు ఏది పెట్టాలి?’ అని. నన్నడిగితే అది ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. జల్లెడ ముందుకీ వెనక్కీ ఊగాలా, డ్రమ్ములా గుండ్రంగా తిరగాలా అన్నది ముందు తేలాలి.

తాపీ మేస్త్రీల ఇసుక జల్లెడ ఉంది కదా, అది నిలబెట్టి పారతో విసిరితే పోలా అంటారు కొందరు. ఇసుక బరువైనది, పొడిగా ఉంటుంది, జాలీకి గట్టిగా తగిలి అవతలికి పోతుంది. కంపోస్టు తేలిక. జాలీ మీద నుంచి జారిపోతుంది, ముక్కలతో పాటు మంచి ఎరువూ కిందికి వచ్చేస్తుంది, అదే కుప్పని మళ్లీ మళ్లీ విసరాలి. బాగా ఎండిన పశువుల ఎరువుకి పరవాలేదు, మిగతావాటికి నడుం నొప్పి తప్ప లాభం లేదు.

ఊపే జల్లెడ అలా కాదు, నిజంగా పనికొచ్చే వస్తువే. రెండడుగులకి మూడడుగుల చెక్క చట్రం, అడుగున అర అంగుళం జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత పూసిన ఇనుప జాలీ), నాలుగు మూలలా తాళ్లు, వేలాడదీయడానికి ఒక ఇనుప స్టాండో గట్టి కొమ్మో ఉంటే ఒక పూటలో తయారవుతుంది. బరువంతా తాళ్లే మోస్తాయి కాబట్టి మనం ఊపితే చాలు. కోళ్ల జాలీ మాత్రం వాడకండి, నాలుగు తట్టలు పడేసరికి సాగి కళ్లు పెద్దవైపోతాయి. పదీ పాతిక కుండీలున్న ఇంటికి ఇది చాలు, యంత్రం గురించి ఆలోచించనక్కర్లేదు.

చిక్కు దీనికి మోటారు పెట్టినప్పుడు మొదలవుతుంది. గుండ్రంగా తిరిగే మోటారుతో చట్రాన్ని ముందుకీ వెనక్కీ లాగించాలంటే చక్రం మీద పక్కకి ఒక పిన్ను, దాన్నుంచి చట్రానికి ఒక కడ్డీ కావాలి. లేదంటే ఇరుసుకి ఒకవైపే బరువు బిగించి వణికించాలి. రెండిట్లో ఏది చేసినా ఆ అదురు జల్లెడతో ఆగదు, స్టాండుకీ అక్కడినుంచి స్లాబుకీ దిగుతుంది. నట్లు వదులవుతూ ఉంటాయి, వెల్డింగ్ అతుకులు పగుళ్లిస్తాయి, కింది వాటాలో ఉన్నవాళ్లు పైకొచ్చి ఏంటా చప్పుడని అడుగుతారు. పొలంలో గట్టి నేల మీదైతే ఇవేమీ పట్టించుకోనక్కర్లేదు, మిద్దె మీద మాత్రం నేను వద్దనే అంటాను.

అదురు కన్నా పెద్ద సమస్య తేమ. పిడికెడు ఎరువు తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్ద వేలితో పొడవగానే విడిపోతే సరే, అలాగే ఉండిపోయిందంటే అది చదునైన జల్లెడ మీద దిగదు. ఒక్కసారి దగ్గరగా చూడండి, తడి ఎరువు జాలీ మీద అటూ ఇటూ కదులుతూ చిన్న ఉండలవుతుంది, ఆ ఉండలు దొర్లుతూ పక్కనున్న పొడినీ అంటించుకుని నిమ్మకాయంత అవుతాయి, ఈలోగా జాలీ కళ్లు ఒక్కొక్కటే పూడిపోతాయి. ఎంత వేగంగా ఊపితే అంత తొందరగా పూడతాయి. వానాకాలంలో మన దగ్గర ఎరువు ఇలాగే ఉంటుంది.

తిరిగే డ్రమ్ము గెలిచేది సరిగ్గా ఇక్కడే. డ్రమ్ము ఎరువుని కొంత ఎత్తుకి తీసుకెళ్లి కింద పడేస్తుంది, ఆ దెబ్బకి ఉండలు చితుకుతాయి. పూడిన జాలీ తిరిగి పైకి వచ్చినప్పుడు ఇరుక్కున్నది దానంతటదే రాలుతుంది, రాలకపోతే డ్రమ్ము మీద ఆనేలా ఒక పాత చీపురుకట్టో గట్టి బ్రష్షో కట్టేస్తే తిరిగినంతసేపూ అదే తుడుస్తుంది. బాగా తడిసి ముద్దయిన ఎరువుని ఇదీ ఏమీ చేయలేదు, నీడలో ఒక పూట ఆరబెట్టుకోవాల్సిందే. కానీ ఊపేది ఆగిపోయే చోట ఇది ఇంకా పనిచేస్తుంది.

చేసుకోవడం కూడా అనుకున్నంత కష్టం కాదు. పాత ఇనుప సామాన్ల కొట్లో రెండు సైకిల్ రిమ్ములు కొని ఊచలన్నీ పీకేయండి. రెండిటి మధ్య నాలుగడుగుల పొడవున ఇనుప పట్టీలు బిగించి చుట్టూ మెష్ కట్టండి. మధ్యలో ఇరుసు పెట్టొద్దు, పీచు దానికే చుట్టుకుంటుంది. కింద నాలుగు చిన్న చక్రాలు బిగించి వాటి మీద రిమ్ముల్ని కూర్చోబెడితే చాలు. ఎరువు పోసే వైపు మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో ఉండాలి. అంతకన్నా వాలు ఎక్కువైతే మంచి ఎరువు జల్లించబడకుండానే అటు చివరకి జారిపోతుంది. మెష్ మొదటి సగం పావు అంగుళం, తర్వాతి సగం అర అంగుళం కడితే ఒకే విడతలో నారుకి మెత్తనిది, కుండీలకి ముతకది వేరవుతాయి, చదును జల్లెడతో అయితే దీనికి రెండు చట్రాలు కావాలి. వానపాముల ఎరువు అమ్మేవాళ్లకి మాత్రం లెక్క వేరు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీకంపోస్టులో కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, కాబట్టి పావు అంగుళం వాళ్లకి చాలదు. వాళ్లు జల్లించేముందు ఎరువుని వెలుతురులో కుప్పపోసి, పాములు అడుక్కి దిగాక పైపై ఎరువునే తీసుకోవాలి.

ఇప్పుడు మోటారు సంగతి. వేగం పెంచితే పని తొందరగా అవుతుందనుకుంటే డ్రమ్ము విషయంలో అది పూర్తిగా తప్పు. డ్రమ్ము వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 42ని భాగించండి. 60 సెంటీమీటర్ల డ్రమ్ముకి సుమారు 54 వస్తుంది. నిమిషానికి అన్ని చుట్లు తిరిగితే ఎరువు గోడకి అతుక్కుని డ్రమ్ముతో పాటే తిరుగుతుంది, కింద పడదు. మనకి కావాల్సింది అందులో సగం కన్నా తక్కువ, 18 నుంచి 25 చుట్లు. ఇంట్లో మూలన ఉన్న అర హెచ్‌పీ మోటారు 1440 చుట్లు తిరుగుతుంది, దానికి రెండంగుళాల పుల్లీ పెట్టి రిమ్ము గాడిలోంచి బెల్టు వేసినా డ్రమ్ము 120 చుట్లు తిరుగుతుంది. అందుకే కారు వైపర్ మోటారు మేలు. స్లో స్పీడులో నిమిషానికి 45 చుట్ల దగ్గర తిరిగే దానికి పన్నెండంగుళాల పుల్లీ పెడితే సరిపోతుంది. పైగా 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, తడి చేతులతో, తడి స్లాబు మీద పనిచేసేచోట 230 వోల్టుల వైరు లాగాల్సిన టెన్షన్ ఉండదు. ఒకేసారి బస్తా కుమ్మరించకుండా పారెడు పారెడు వేస్తే అది లాగుతుంది. బెల్టుకి మాత్రం రేకుతో మూత పెట్టండి, చున్నీలూ చీర కొంగులూ దగ్గరికొచ్చే చోటది.

అయినా నా సలహా, మొదట డ్రమ్ముకి ఒక హ్యాండిల్ బిగించి చేత్తో తిప్పండి. ఆ వేగం మనిషి తీరిగ్గా తిప్పే వేగమే, కాబట్టి ఒకరు పోస్తుంటే ఒకరు తిప్పితే మోటారుతో అయినంత పనీ అవుతుంది. ఇంట్లో ఒక్కరే ఉండి పనంతా చేసుకోవాల్సి వచ్చినా, ఏడాది పొడవునా బెడ్ల కొద్దీ ఎరువు తీస్తున్నా అప్పుడు మోటారు పెట్టండి. ఏది వాడినా ముక్కుకీ నోటికీ మాస్కు ఉండాల్సిందే, కంపోస్టు దుమ్ములో బూజు రేణువులుంటాయి, ఆస్తమా ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. డ్రమ్ము చివర్న రాలిన ముక్కల్లోంచి ప్లాస్టిక్ ఏరేసి, మిగతావన్నీ కొత్త కుప్ప అడుగున వెయ్యండి. వాటిని అంటుకుని ఉన్న సూక్ష్మజీవులే అక్కడ కుప్పని మగ్గబెట్టడం మొదలుపెడతాయి.