రైఫిల్ నేర్చుకోవడం పడుకుని మేలా, నిలబడి మేలా?

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లకు ఫైరింగ్ అంటే నేల మీద బోర్లా పడుకోవడమే గుర్తొస్తుంది. ఇవాళ పిల్లల్ని షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్తే ఎయిర్ రైఫిల్ చేతికిచ్చి నిలబెడతారు. రెండూ రుచి చూసినవాణ్ని కాబట్టి నా లెక్క చెబుతాను.

పడుకుంటే మోచేతులు రెండూ నేలకు ఆనుతాయి. ఎడమ చేతికి స్లింగ్ (రైఫిల్‌కు తగిలించే పట్టీ) బిగించారంటే రైఫిల్ బరువు కండ మీద పడదు, ముంజేతి ఎముకా స్లింగూ కలిసి మోస్తాయి. ఇక గురిని కదిలించేది చాలావరకు ఊపిరే. అందుకే ఊపిరి కాస్త వదిలి ఆపడం, ట్రిగర్‌ను గుంజకుండా మెల్లగా నొక్కడం ఇక్కడ త్వరగా పట్టుబడతాయి.

చిక్కేమిటంటే, నేల మన తప్పుల్ని కప్పేస్తుంది. నేను పట్టిన పాయింట్ టూ టూ (.22 అంగుళాల తూటా కాల్చే) రైఫిల్‌ది చెక్క బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం. ఆరడుగులవాడికీ ఐదడుగుల అమ్మాయికీ అదే పొడవు. నేను మెడ చాచి, చెంపను ఒక్కో రౌండుకి ఒక్కోచోట ఆనించేవాణ్ని. గ్రూపింగ్ (తూటాలు ఒకేచోట గుంపుగా తగలడం) చెదిరిన ప్రతిసారీ ట్రిగర్‌నే తిట్టుకున్నాను. తల జరిగితే కన్ను సైట్ (రైఫిల్ మీద గురి చూసే అమరిక) మధ్యలో ఉండదని తెలిసేసరికి ఎన్‌సీసీ అయిపోయింది!

నిలబడితే ఆ దాపరికం సాగదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్లింగ్ ఉండదు. రైఫిల్ 5.5 కిలోల వరకు ఉండొచ్చు. 75 నిమిషాల్లో 60 షాట్లు, పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. భుజబలంతో నెట్టుకొద్దామంటే సగం దూరం కూడా రాదు. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీదో పక్కటెముకల మీదో ఆనించి, నడుము కొంచెం వెనక్కి వంచి, బరువును పాదాలకు దించాలి. తల మాత్రం నిటారుగానే ఉండాలి. తల రైఫిల్ దగ్గరికి దిగకూడదు, రైఫిలే కంటిదాకా రావాలి. బట్ ప్లేటును (భుజానికి తగిలే చివరి పలకను) కిందికి, చీక్ పీసును (చెంప ఆనించే దిమ్మను) పైకి జరిపేది ఇందుకే.

సరిపోయిందో లేదో చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది. గురి పెట్టి కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి తీసి తెరవండి. గురి పక్కకి పోయుంటే చేత్తో లాగొద్దు, పాదాలు జరపండి.

మోకాలి మీద కూర్చునే పొజిషన్ మొదట్లో అక్కర్లేదు, కాలు తిమ్మిరెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల పోటీలో మూడు పొజిషన్లూ ఉంటాయి. అక్కడ పొజిషన్ మారినప్పుడల్లా బట్ ప్లేటు, చీక్ పీసు కూడా మార్చుకుంటారు.

పడుకుని కాల్చే పోటీ విడిగా 2016 రియోతో ఒలింపిక్స్ నుంచి పోయింది. పాయింట్ టూ టూకి లైసెన్సు గొడవ కూడా ఉంది. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చుకున్నది నిలబడి, ఎయిర్ రైఫిల్‌తోనే. కాబట్టి నా ఓటు నిలబడటానికే, కానీ మొదటి రెండు వారాలు రైఫిల్ ముందు భాగాన్ని స్టాండు మీద ఆనించి కాల్చనివ్వండి. పడుకుని నేర్చుకునే ట్రిగర్ పాఠం అలా కూడా వస్తుంది.

కొనేటప్పుడు బట్ పొడవు మార్చుకునే వీలున్నదే చూడండి. ఎదిగే పిల్లలైతే చొక్కా పొట్టైనప్పుడల్లా బట్ కూడా సరిచూడాలి.