ఎముకల ఆసుపత్రి పాత రికార్డులు: రిజిస్టరా, కేస్ షీటా, ఎక్స్-రేనా?

రికార్డుల గది ఖాళీ చేయవలసి వచ్చిన ఆసుపత్రుల వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: అన్నీ ఉంచడానికి చోటు లేదు, అన్నిటినీ స్కాన్ చేయించడానికి డబ్బు చాలదు, మరి ముందుగా వేటిని కాపాడుకోవాలి? భారత వైద్య మండలి 2002 నిబంధనలు ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచమన్నాయి. చాలా జబ్బులకు ఆ గడువు సరిపోతుందేమో గానీ, చేసిన పని మంచిదో కాదో తేలడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టే ఎముకల వైద్యానికి ఏమాత్రం సరిపోదు. హైదరాబాద్‌లోని నిమ్స్ కూడా నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైనదే కనుక, ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు.

రిజిస్టర్ల పక్షాన చెప్పవలసింది చాలానే ఉంది. ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు, పేరు, వయసు, ఊరు, వ్యాధి, చేరిన తేదీ, వెళ్లిన తేదీ అన్నీ ఒక్క వరుసలో ఉంటాయి. ఏళ్ల తరబడి నడిచిన ఆసుపత్రి చరిత్ర ఒక బీరువాలో ఇమిడిపోతుంది. స్కాన్ ఖర్చూ తక్కువే. వెన్నుపూస క్షయ ఏ ఏట ఎంతమందికి వచ్చింది, పోలియో పిల్లలు ఏయే ఊళ్ల నుంచి వచ్చారు అన్న లెక్కలు తీయాలంటే వీటిని మించినవి లేవు. అయితే రిజిస్టరు నడిచేది తేదీల వరుసలో, రోగి వరుసలో కాదు. ఒకే పిల్లవాడు నాలుగుసార్లు చేరితే నాలుగు పేజీల్లో నాలుగు నంబర్లతో కనిపిస్తాడు, నడిచాడో లేదో మాత్రం ఎక్కడా కనిపించదు.

ఎక్స్-రేలంటే అందరికీ మోజు, చూపించడానికి బాగుంటాయి కాబట్టి. కానీ బరువు ఎక్కువ, బెడద ఇంకా ఎక్కువ. 1929లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో నైట్రేట్ ఫిల్ములు అంటుకుని 120 మందికి పైగా చనిపోయిన సంగతి తెలిసిందే. ఆ తర్వాత వాడుకలో స్థిరపడిన ఎసిటేట్ ఫిల్ము అంత తేలిగ్గా అంటుకోదు గానీ, వేడికీ తేమకూ పాడై పుల్లటి వెనిగర్ వాసన కొడుతుంది. ఫిల్ములోని వెండి కోసం పాతవి కొనేవాళ్లు గుమ్మం దగ్గరే ఉంటారు. పైగా పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు లేని ఫిల్ములో మిగిలేది ఎవరిదో తెలియని ఎముక మాత్రమే.

నా మొగ్గు ఒక్కో రోగి పరీక్షలు, చికిత్స వివరాలు రాసి ఉంచే కేస్ షీటు వైపే, అందుకు కారణం ఫాలో-అప్, అంటే చికిత్స తర్వాత రోగి ఎలా ఉన్నాడో మళ్లీ మళ్లీ చూసి రాసుకోవడం. జాన్ చార్న్‌లీ ఇంగ్లండులో తుంటి కీలు మార్పిడి మొదలుపెట్టినప్పుడు టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కీలు గిన్నెలు (కప్పులు) అమర్చిన సుమారు 300 మంది తొలి రోజుల్లో చక్కగా నడిచారు. కొన్నేళ్లకు ఆ టెఫ్లాన్ అరిగి, కీళ్లు వదులై, మళ్లీ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. 1962లో ఆయన పాలిథీన్‌కు మారారు. ఆపరేషన్ రిజిస్టరు ఒక్కటే మిగిలి ఉంటే అవన్నీ విజయాలుగానే కనిపించేవి.

పోలియో కేస్ షీటు తెరిస్తే కండరాల చార్టు ఉంటుంది: మధ్యలో కండరాల పేర్లు, ఇరువైపులా ఎడమ, కుడి అవయవాల గడులు, పరీక్ష చేసిన ప్రతి తేదీకి ఒక నిలువు వరుస, గడుల్లో 0 (బలం లేదు) నుంచి 5 (పూర్తి బలం) వరకు అంకెలు. తొడ ముందు కండరం 1 నుంచి 3కు ఎక్కి అక్కడే ఆగిందంటే ఆ పిల్లకు క్యాలిపర్ (కాలికి ఊతమిచ్చే పట్టీల చట్రం) ఎందుకు వేశారో అర్థమవుతుంది. పోలియో వచ్చిన 15 నుంచి 40 ఏళ్ల తర్వాత కొందరిలో కొత్తగా నీరసం మొదలవుతుంది. అప్పుడు ఏ కండరం మొదటే దెబ్బతిన్నదో, ఏది ఇప్పుడు బలహీనపడుతోందో వైద్యుడికి చెప్పగలిగేది ఆ పాత కాగితమే.

మరీ పాతవి కాని రికార్డులకూ ఇదే వర్తిస్తుంది. డిప్యూ సంస్థ 2010లో తాను తయారుచేసిన ఏఎస్ఆర్ రకం కృత్రిమ తుంటి కీళ్లను వెనక్కి పిలిచినప్పుడు మన దేశంలో వాటిని అమర్చుకున్న వేలమందిలో ఎక్కువమంది ఆచూకీ దొరకలేదు. ఏ కీలు, ఏ సైజు, ఏ లాట్ (తయారీ విడత) నంబరు అన్నది చెప్పే స్టిక్కరు అంటించేది కేస్ షీటులోని ఆపరేషన్ నోట్సు పక్కనే.

మైక్రోఫిల్ము (కాగితాలను చిన్నగా ఫొటో తీసిన ఫిల్ము) ఇప్పటికే ఉంటే ఉంచండి, కొత్తగా చేయించనక్కరలేదు. డిశ్చార్జి సమ్మరీ కేస్ షీటు పోయినప్పుడు పనికొచ్చే వస్తువు, అంతే.

కేస్ షీటును వెతికి పట్టుకోవడానికి రిజిస్టరు కావాలి కనుక దాన్ని పారేయమని నేను అనను. తక్కువ ఖర్చుతో అయిపోయేదే కాబట్టి ముందు దాన్ని స్కాన్ చేయించి, మిగిలిన డబ్బంతా కేస్ షీట్ల మీద పెట్టడం మేలు. ఎక్స్-రేల్లో కేస్ షీటుతో జత కుదిరినవే ఉంచాలి. స్కానింగు రంగుల్లోనే చేయించాలి. చార్టుల్లో పెన్సిలుతోనూ రంగు సిరాలతోనూ వేసిన గుర్తులు నలుపు తెలుపు స్కానులో కనబడకుండా పోతాయి. పరిశోధకులకు ఇచ్చే ప్రతిలో పేరు, చిరునామా తీసేసి ఐపీ నంబరు బదులు వేరే నంబరు వేయాలి, ఆ రెండు నంబర్లనూ కలిపే పట్టిక రికార్డుల విభాగం దాటి బయటికి పోకూడదు.