కొత్త 9 ఎంఎం పిస్టల్ కొంటున్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

టెక్సాస్‌లో ఉంటూ మొదటిసారి పిస్టల్ కొనాలనుకుంటున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పిడి చేతికి ఎంత బాగా అమరినా, పెట్టె ఎంత కొత్తగా ఉన్నా, కౌంటర్ మీదే నిదానంగా పరీక్షించకుండా డబ్బు కట్టకండి. ఫారం నింపి సంతకం పెట్టి గుమ్మం దాటారంటే, చాలా షాపుల లెక్కలో అది ఇక వాడిన తుపాకీయే. ఒక్క రౌండ్ (తూటా) కాల్చకపోయినా వెనక్కి తీసుకోరు.

నేను కొన్నది మీడియం సైజు 9 ఎంఎం సెమీ ఆటోమేటిక్, అంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా పేలి తర్వాతిది దానంతటదే ఎక్కే పిస్టల్. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు. ఇది ఏ షాపులోనైనా, ఏ కంపెనీ పిస్టల్‌తోనైనా జరగొచ్చు. 1988లో గ్లాక్ 19 వచ్చాక ఈ సైజుకి అదే కొలబద్ద అయింది. నాలుగు అంగుళాల బ్యారెల్, మ్యాగజైన్‌లో (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బా) 15 రౌండ్లు, ఇంట్లో ఉంచుకోవడానికీ నడుముకి పెట్టుకోవడానికీ సరిపోయే బరువు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నిటికీ ఈ సైజులో ఏదో ఒకటి ఉంది. కొత్తగా కొనేవాళ్ళకి షాపువాళ్ళు ముందుగా చూపించేది కూడా వీటినే.

మంచి విషయాలు ముందు చెప్తాను. పట్టు బాగుంది, చెమట పట్టినా జారలేదు. ట్రిగ్గర్ కాస్త బరువే కానీ ఎంత నొక్కితే పేలుతుందో వేలికి ముందే తెలుస్తుంది. షూటింగ్ రేంజ్‌లో 7 గజాల దూరంలో పెట్టిన టార్గెట్ మీద మొదటి మ్యాగజైన్ దాదాపు మొత్తం అరచేయంత వెడల్పులో పడింది. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు తుడిచేసి, మాన్యువల్‌లో చెప్పినచోట్ల నూనె వేసే తీసుకెళ్ళాను కాబట్టి అంతా సాఫీగా సాగుతుందనుకున్నాను.

అసలు తంటా రెండో మ్యాగజైన్‌తో మొదలైంది. ట్రిగ్గర్ నొక్కితే టక్‌మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇలా అయినప్పుడు తుపాకీని మీవైపు తిప్పి చూడకండి. లోపలి మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంటుంది. బ్యారెల్‌ని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. అలా ఆగి రౌండ్ బయటికి తీస్తే, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగం) మీద దెబ్బ పడీపడనట్టుగా చిన్న గుంట కనిపించింది. తర్వాతి రౌండ్‌కి స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) ముందుకొచ్చి, పూర్తిగా మూసుకోకుండా గోరంత దూరంలో ఆగిపోయింది. దాని వెనక అంచు ఫ్రేమ్ అంచుతో కలవకుండా బయటికి పొడుచుకొచ్చి ఉంది. ముందటి రౌండ్ ఎందుకు పేలలేదో అప్పుడు తెలిసింది. స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతే స్ట్రైకర్ (ప్రైమర్‌ని కొట్టే సూది) నిండు దెబ్బ కొట్టలేదు. ఇంకాసేపటికి ఒక ఖాళీ కేస్ (పేలిన తూటా తొడుగు) బయటికి ఎగరకుండా స్లైడ్ సందులో నిలువుగా ఇరుక్కుంది. ఆత్మరక్షణ కోసం కొన్న వస్తువు ఇలా ఆగిపోతుంటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

ఇలాంటి ఫిర్యాదుతో వెళ్తే షాపులో చెప్పే కారణాలు మూడే. మీ పట్టు వదులుగా ఉంది, తూటాలు చవకవి, కొత్తది కదా కొంచెం అరగాలి. అందుకే రేంజ్‌లో ఉండగానే ఒక్కొక్కటీ తేల్చుకోండి. నాతో వచ్చిన తమ్ముడులాంటి స్నేహితుడు సిటిజన్, ఎన్నో ఏళ్ళుగా షూటింగ్ చేస్తున్నవాడు. నా పిస్టల్ అతనికిస్తే అతని చేతిలోనూ అలాగే ఆగింది. అదే డబ్బాలోని తూటాలు, అవే 115 గ్రెయిన్ బరువున్న గుండ్రటి ముక్కువి, అతని పిస్టల్‌లో ఒక్కసారి కూడా ఆగకుండా పేలాయి. పెట్టెలో వచ్చిన రెండు మ్యాగజైన్లకీ టేపు అంటించి 1, 2 అని రాసి విడివిడిగా వాడి చూశాం. రెండిటితోనూ అదే తీరు. "అన్నా, తేడా నీ చేతిలో లేదు, దీంట్లోనే ఉంది" అన్నాడు. ఆగిన ప్రతిసారీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాం. ఆ ఫొటోలే తర్వాత పనికొచ్చాయి.

ఇంటికొచ్చి విప్పి టార్చ్ వేసి చూస్తే, తూటా మ్యాగజైన్ నుంచి బ్యారెల్‌లోకి ఎక్కే వాలు (ఫీడ్ ర్యాంప్) దగ్గర లోహం గరుకుగా ఉంది. గోరు పెట్టి గీస్తే తగులుతోంది. గుండ్రంగా ఉన్న తూటా ముక్కు కూడా అక్కడ పట్టుకుంటోంది.

షాపులో జవాబు మర్యాదగానే ఉంది కానీ కదలిక లేదు. "500 రౌండ్లు కాల్చండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. తూటాల ధర ఎవరిస్తారు? కొత్త స్ప్రింగులు కొంచెం బిగుతుగా ఉంటాయి, అది నిజం. మొదట్లో ఒకటీ అరా ఆగడం నేనూ తప్పు పట్టను. కానీ మ్యాగజైన్ మ్యాగజైన్‌కీ ఆగేదాన్ని సర్దుకుంటుందని చెప్పి కస్టమర్‌ని పంపేయడం అన్యాయం. తిరిగి తీసుకోమంటే రసీదు వెనక సన్నటి అక్షరాలు చూపించారు. మిగిలిన దారి వారంటీ ఒక్కటే. ఫొటోలు పంపాక కంపెనీ తమ ఖర్చుతో షిప్పింగ్ లేబుల్ పంపింది, వారాల తరబడి పిస్టల్ వాళ్ళ దగ్గరే ఉంది. తిరిగొచ్చినప్పుడు ‘రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని ముందుకి నెట్టే స్ప్రింగ్) మార్చాం, ఫీడ్ ర్యాంప్ పాలిష్ చేశాం’ అని ఒక్క కాగితం. క్షమాపణ మాట లేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇక్కడ ప్రెషర్ కుక్కర్‌లో లోపం ఉంటే కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ కలగజేసుకుంటుంది. తుపాకుల్ని మాత్రం 1972లో ఆ చట్టం చేసినప్పుడే దాని పరిధి నుంచి తప్పించారు. లోపం ఉన్న పిస్టళ్ళని వెనక్కి తీసుకోమని కంపెనీని ఆదేశించే ఫెడరల్ సంస్థ లేదు. యూరప్‌లో చాలా దేశాల్లో ప్రతి తుపాకీనీ అమ్మకానికి ముందు ప్రూఫ్ హౌస్‌లో (తుపాకుల్ని పరీక్షించే కేంద్రం) ఎక్కువ ఒత్తిడి తూటాతో కాల్చి ముద్ర వేస్తారు. అమెరికాలో చట్టప్రకారం అలాంటి పరీక్ష తప్పనిసరి కాదు. కంపెనీ తనంతట తాను ముందుకొస్తేనే రీకాల్. 2014లో రెమింగ్టన్ ఆర్51 పిస్టల్ విడుదలైన కొన్ని నెలలకే లోపాల వల్ల వెనక్కి తీసుకున్నారు. 2017 ఆగస్టులో, కింద పడితే పేలే అవకాశం బయటపడ్డాక, సిగ్ సావర్ కంపెనీ తన పి320 పిస్టళ్ళకి ఉచితంగా మార్పులు చేసిస్తామని ప్రకటించింది. 2020 నవంబర్‌లో స్మిత్ అండ్ వెసన్ కొన్ని షీల్డ్ ఈజెడ్ పిస్టళ్ళని హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే దెబ్బ కొట్టే భాగం) లోపం వల్ల రీకాల్ చేసింది. పెద్ద పేరున్న కంపెనీలే ఇవన్నీ. కాబట్టి కొనే ముందే ఆ మోడల్ పేరుతో రీకాల్ ఉందేమో వెతకండి, కొన్నాక సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి.

కౌంటర్ దగ్గర సిగ్గుపడకండి. అరలో ప్రదర్శనకి పెట్టింది కాదు, మీకు అమ్మబోయే పిస్టల్‌నే చూపించమనండి. ఖాళీగా ఉందని వాళ్ళు చూపించాక మీరూ చూసుకుని, స్లైడ్‌ని మెల్లగా వెనక్కి లాగి మెల్లగా వదలండి, చివరిదాకా మూసుకుంటుందో లేదో తెలిసిపోతుంది. ఖాళీ మ్యాగజైన్‌తో లాగితే స్లైడ్ వెనకే నిలబడాలి. ఫోన్ లైటు వేసి ఆ వాలు భాగం నున్నగా ఉందా, గీతలున్నాయా చూడండి. లోపల కొంచెం మసి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఫ్యాక్టరీలో కాల్చి చూసినది కావచ్చు. ఇత్తడి మరకలు దట్టంగా ఉంటే మాత్రం ఎవరో వాడి తిరిగిచ్చారేమో అడగండి. తుపాకీ మీది నంబర్, పెట్టె మీది నంబర్, ఫారంలో రాసిన నంబర్ ఒకటే కావాలి. రిటర్న్ షరతులు డబ్బు కట్టకముందే చదవండి. అదే మోడల్‌ని అద్దెకిచ్చే రేంజ్‌లు డల్లాస్ చుట్టుపక్కల ఉన్నాయి, ముందు అక్కడ ఒక డబ్బా కాల్చి చూస్తే ఇంకా మంచిది.

ఇక వీసా సంగతి. ఇందులో పొరపాటు జరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు రేంజ్‌లో అద్దెకి తీసుకుని చేత్తో పట్టుకోవడం కూడా ఈ నేరం కిందికే వస్తుంది. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా తీసుకెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. స్టూడెంట్ వీసా మీద వచ్చి, యూనివర్సిటీ తీసేశాక ఇక్కడే ఉండిపోయి, ఫ్లోరిడాలో ఒక రేంజ్‌లో కాల్చిన కుర్రాడి కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. వీసా మీద ఉన్న స్నేహితుడు డబ్బిచ్చి "నీ పేరు మీద కొనిపెట్టు" అన్నా ఒప్పుకోకండి. షాపులో నింపే ఫారం 4473లో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు, అబద్ధం రాస్తే కేసు మీ మీదికొస్తుంది.

రిపేరయ్యాక నా పిస్టల్ మామూలు తూటాలతో ఆగడం లేదు. రక్షణ కోసం వాడే హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉన్న తూటా)తో మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు స్లైడ్ చివర్లో తడబడుతోంది, కాబట్టి మళ్ళీ వారంటీకి రాశాను. చాలామంది చవక తూటాలతో కాల్చి బాగుందనుకుని, హాలో పాయింట్ నింపి డ్రాయర్‌లో పెట్టేస్తారు. మీరు ఇంట్లో ఏ తూటా ఉంచుతారో దాంతోనే కనీసం ఒక డబ్బా రేంజ్‌లో కాల్చి చూడండి. తర్వాత డ్రాయర్‌లో కాకుండా తాళం ఉన్న సేఫ్‌లో పెట్టండి. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం.